ఎర్ర పులుపు

ఈ ఉదయం వెనిగర్ సీసా మూత తీయగానే మా శనగచేను ముక్కుకు తగిలింది.

కుడతిని ఊరికి పోయే దారి పక్కన మాకు రెండెకరాల మెట్ట ఉండేది. నా ఎనిమిదో ఏట, ఏది ఎక్కువ కాస్తుందో చూద్దామని నాయన సగం చేనులో ఇంటి విత్తనం, దారి వైపు సగంలో వ్యవసాయాఫీసువాళ్లిచ్చిన కొత్తరకం విత్తాడు. దాని పేరులో అన్నీ అంకెలే, నాకు నోరు తిరిగేది కాదు.

శనగ ఆకు మీద ఊరే పులుపును మంచుతో పాటు తెల్లగుడ్డకు పట్టించి, పిండి, కడుపునొప్పికి దాచుకోవడం మా ఇంటి అలవాటు. "పులుపెక్కువుంటే పురుగు రాదు, కాపు నిలుస్తాది" అనేది అవ్వ. అయితే గెలిచేదేదో గుడ్డే చెబుతుందనుకున్నాను.

సాయంత్రం రెండు వైపులా చెరో గుడ్డ పరిచి, తెల్లారి వెళ్లి పిండాను. ఇంటి రకం నీళ్లు లేత ఎరుపు, కొత్తదానివి చిక్కటి ఎరుపు. పులుపు బాగా ముదిరిందనుకుని చెంబుతో పరుగెత్తాను.

"నాయనా, కొత్తదే గెలిచె!"

నాయన వేలు ముంచి నాకాడు. దారిమీద ఇనుప ఖనిజం లారీలు వరసగా పోతున్నాయి.

"యాడ పులుపు పాపా? అంతా గనుల దుమ్మే ఉండాది."

కోతలప్పుడు రెండు వైపులా తాలుకాయలే. అమ్మ వేరువేరుగా పోయడానికి రెండు గోతాలు తెచ్చింది.

"ఒకటి చాలు. రెండూ దాంట్లోనే కలిపెయ్" అన్నాడు నాయన.

మరుసటేడు ఆయన విత్తనం ఊసెత్తలేదు. చేను చదును చేయించి, లారీలు నిలుపుకోవడానికి ఇచ్చేశాడు. ఆ రెండింటిలో ఏ రకం మేలో మాకిప్పటికీ తెలియదు.