పొద్దు పొడుపు బొమ్మ

మా డ్రాయింగ్ సార్ పోయారు. మొన్న పొద్దున వాళ్ల బిడ్డ ఫోన్ చేసి, "అక్కా, నాన్న లేడు" అని మాత్రం అంది.

బాన్సువాడలో నా మందుల దుకాణం పక్క గదిలో ఆయన కిరాయికుండేవారు. బడిలో బొమ్మలు నేర్పి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే. నాదీ ఒంటరి ఇల్లే. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ వచ్చి కూర్చునేవారు. టీ పూర్తిగా చల్లారితే గానీ తాగేవారు కాదు.

బీర్కూర్ నుంచి బీడీలు చుట్టే అవ్వ ఒకామె వచ్చేది. చక్కెర వ్యాధి. చదువు రాదు. పొద్దుటి గోలీ సాయంత్రం కూడా వేసుకుని, కళ్లు తిరిగి పడిపోయింది. సంగతి విని సార్, పొద్దుటి గోలీకి గుర్తుగా మందుల కవరు మీద కొండల నడుమ పొడిచే సూర్యుణ్ణి గీశారు. ఎంత ముద్దుగా ఉందో!

"ఇదేందవ్వా?" అని చూపించారు.

"పొద్దు గూకుతుంది" అంది అవ్వ.

గూకేది కాదు, పొడిచే పొద్దని నేను చెప్పబోయాను. సార్ ఆపారు.

"నువ్వు చెప్తే బొమ్మ చూడరమ్మా, నీ మొఖం చూస్తరు. మనం ఏం గీసినమన్నది కాదు, ఆమెకు ఏం కనవడ్డదన్నదే లెక్క."

తర్వాత అవ్వనే అడిగారు. "పొద్దుగాల లేవంగనే ఏం జేస్తవు?"

"వాకిలూడ్చి సాన్పు జల్లుత."

చీపురు పట్టుకుని వంగిన మనిషిని గీశారు, పక్కన పేడనీళ్ల బకెట్టు. అవ్వ పకపకా నవ్వింది. "గిది నేనే గద! పొద్దుగాల!"

మళ్లీ ఎన్నడూ ఆమె గోలీ తప్పలేదు. అప్పట్నుంచి మందుల కవర్లకు ఏ బొమ్మ గీసినా సార్ దాన్ని బస్టాండుకు తీసుకెళ్లి, ఎవరో ఒకరి చేతిలో పెట్టి, నోరు మెదపకుండా నిలబడేవారు. తప్పు చెప్తే సంతోషంగా తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టేవారు.

నిన్న చదువు రాని ఒకాయనకు కంటి చుక్కల మందు ఇవ్వాల్సి వచ్చి, మొదటిసారి నేనే గీశాను. ఒక ముఖం, ఒక కన్ను, ఒక చుక్క. ఎదురుగా కూరగాయలమ్మే అవ్వకు ఇచ్చి ఊరుకున్నాను. ఆమె వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"ఎవ్వరికోసం ఏడుస్తుంది బిడ్డా గీమె?"

ఆమె కాసేపు నా వైపు చూసి, బొటనవేలితో ఆ చుక్కను మెల్లగా తుడిచింది.