మూడేళ్ల అనుభవం

నలభై దాటితే మగవాళ్లు పొద్దున్నే వాకింగ్ మొదలుపెడతారు. మావారు వంశీధర్ తత్వశాస్త్రం మొదలుపెట్టారు. పొద్దున యూనివర్సిటీలో ఎమ్మే క్లాసులు, సాయంత్రం అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు. పంజాగుట్టలో ఉన్న మా ఇంటికి తినడానికీ పడుకోవడానికీ వస్తారు.

కోచింగ్‌లో ఆయనకు పేరు తెచ్చింది టెస్టింగ్ కాదు, ఉత్తుత్తి ఇంటర్వ్యూలు. నిన్నగాక మొన్న కాలేజీ వదిలిన పిల్లలు మూడేళ్ల అనుభవం ఉందని రెజ్యూమెలో రాసుకుంటారు. ఆ అబద్ధం తడబడకుండా వచ్చేదాకా ఈయన వదిలేవారు కాదు. "మీ మేనేజర్ పేరేంటి? క్యాంటీన్ ఏ అంతస్తులో ఉండేది?" అని గుచ్చి గుచ్చి అడిగేవారు.

అలాంటి మనిషికి సిలబస్‌లో ఒక జర్మన్ తత్వవేత్త తగిలాడు. ఎదుటివాడి మేలు కోసమైనా సరే అబద్ధం ఆడకూడదంటాడట ఆ మహానుభావుడు. ఏనాడో పోయినవాడు వచ్చి మా వంటింట్లో దూరాడు. "సాంబారు ఎలా ఉందండీ?" అంటే "ఉప్పెక్కువైంది" అనడం మొదలుపెట్టారు ఈయన. ఇన్నేళ్ల కాపురంలో ఎన్నడూ అనని మాట! నాకు ఒళ్లు మండింది.

ఉత్తుత్తి ఇంటర్వ్యూలు కూడా మానేశారు. బోరబండ నుంచి పింకీ అని ఒక పిల్ల కోచింగ్‌కి వచ్చేది, నాకూ చనువే. వాళ్లింట్లో అందరిదీ కూలిపనే, ఆఫీసు గడప తొక్కితే తనే తొక్కాలి. ఆ పిల్లను "ఉన్నదే చెప్పమ్మా" అని బేగంపేటకు ఇంటర్వ్యూకి పంపారు. మర్నాడే ఈయనకు ఆ తత్వవేత్త మీద పరీక్ష.

సాంబారు పొయ్యి మీద ఉండగా పింకీ నాకు ఫోన్ చేసింది.

"అనుభవం లేదన్న అక్కా, పంపించేసిండ్రు. సార్‌కు మాత్రం జాబ్ వచ్చిందని చెప్పు జర. రేపు పరీక్ష గదా, ఫికర్ పెట్టుకుంటరు."

తన ఏడుపు దిగమింగుకుని ఈయన గురించి ఆలోచిస్తున్న ఆ పిల్లకు కాదని చెప్పలేకపోయాను. సరేనన్నాను.

ఆయన చెప్పులు విప్పుతుండగానే అనేశాను. "పింకీకి ఉద్యోగం వచ్చిందండీ!"

"అబ్బ, ఎంత మంచి మాట! ఎప్పుడు చేరాలట? ఆఫీసు ఏ అంతస్తులో?"

"మూడో... కాదు, నాలుగో అంతస్తు" అన్నాను.

"ఇంటర్వ్యూలో నువ్వు తప్పావు, హరిణీ" అన్నారు మెల్లగా. ఆయన కళ్లు చెమర్చాయి. "పరీక్ష కాగానే ఆ పిల్లను రమ్మను. ఉన్నది చెప్పినా ఎవరూ వద్దనలేనంత పని నేర్పిస్తాను."

కంచం పెట్టాను. ఆయన తల వంచుకుని తింటుంటే ఊరుకోలేక అడిగాను.

"సాంబారు ఎలా ఉందండీ?"

"బాగుంది. ఇంకొంచెం వెయ్యి."

ఆయన లేచాక నేను తినడానికి కూర్చున్నాను. మొదటి ముద్దకే తెలిసింది. పింకీ ఫోన్ గొడవలో పడి సాంబారులో ఉప్పే వెయ్యలేదు.