మోచేతి లోతు

మా బీరువాలో చీరల కింద ఒక తువ్వాల ఉంది. తెల్లటిది, అంచున నీలం గీత, ఓడలో వాళ్లిచ్చినది. ఇంటికొచ్చి నాలుగు నెలలైనా దాన్ని నేను ఉతకలేదు. తలుపు తీసినప్పుడల్లా పాచి వాసన, తడిసి ఆరీ ఆరని బట్ట వాసన ముక్కుకు కొడుతుంది. మా వైపు ఏ బట్టకూ ఆ వాసన పట్టదు, దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపల ఆరిపోతుంది. ఆ వాసనంటే నాకు ఒళ్లు మంట. అయినా పారేయలేదు.

ఆ ఓడ ఎక్కిన సంగతి చెప్పాలి. కళ్యాణదుర్గంలో మా ఆయనకు బోరు మోటార్ల అంగడి ఉంది. ఎండలు ఎంత ముదిరితే మాకు అంత వ్యాపారం. ఆ ఏడు ఎండలు బాగా ముదిరాయి, మోటార్లు బాగా అమ్ముడుపోయాయి, అన్ని అమ్మినందుకు కంపెనీవాళ్లు మెచ్చుకుని అంగళ్లవాళ్లను భార్యలతో సహా విమానమెక్కించి, అక్కడి నుంచి మేడలాంటి ఓడెక్కించి కరీబియన్ దీవులు చూపించడానికి తీసుకెళ్లారు. వీధిలో అందరూ అదృష్టమంటే అదీ అన్నారు. నేను కూడా నాలుగు కొత్త చీరలు కొనుక్కుని, అన్నంలో నంజుకోవడానికి ఊరిబిండి డబ్బా సర్దుకుని సంతోషంగానే బయలుదేరాను. అబద్ధమెందుకు?

ఒక పొద్దున ఓడను ఒక దీవి దగ్గర ఆపి మమ్మల్ని బస్సెక్కించారు. పది నిమిషాలు కాకముందే నాకు కోపం మొదలైంది. కొండ మొదటి నుంచి కొన దాకా పచ్చదనం, అరటి మీద కొబ్బరి, కొబ్బరి మీద తీగె, తీగె మీద ఇంకేదో పువ్వు, చివరికి కరెంటు తీగల మీద కూడా మొక్కలు మొలిచి ఉన్నాయి. ఎవరూ విత్తలేదు, ఎవరూ ఒక చెంబు నీళ్లు పోసిన పాపాన పోలేదు. దారి చూపించే పిల్ల మైకులో, ఈరోజు కాస్త వాన పడుతుంది, ఏమీ అనుకోవద్దని చెప్పింది. వాన పడుతుందని మన్నించమని అడిగే ఊరొకటి ఉందని నాకు ఆరోజే తెలిసింది. మావాళ్లంతా కిటికీలకు ఫోన్లు ఆనించి కేరింతలు కొడుతున్నారు.

“ఈడ మన అంగడి పెట్టింటే వారానికే మూసుకోవాల” అని మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

నేను పుట్టింది కంబదూరు దగ్గర ఒక పల్లెలో. మా ఊరి పక్కన ఒక వంక ఉండేది, మంచి వాన వస్తే రెండు రోజులు పారేది, మిగిలిన ఏడంతా ఉత్త ఇసుక. ఆ ఇసుకలో చేతులతో గుంత తవ్వితే అడుగున నీళ్లు ఊరేవి. దాన్నే చెలమ అనేవాళ్లం. మొదట ఊరిన బురద నీళ్లు తోడి పారబోసి, తర్వాత వచ్చే తేట నీళ్లను కొబ్బరి చిప్పతో ముంచి, బిందె మూతికి కట్టిన పాత పంచె గుడ్డలో వడగట్టాలి. కార్తీకంలో అయితే ఒక బిందె నిండేలోపల మేం పిల్లలం ఒక ఆట అచ్చనగాయలు ఆడేవాళ్లం, ఎండాకాలంలో నాలుగాటలు ముగిసినా బిందె సగానికి వచ్చేది కాదు. కాళ్లు కాలి, తల మీద గాలి దుమ్ము పోసి, ఇంటికి చేరేసరికి గుడ్డలోని ఇసుక పళ్ల కింద కరకరలాడేది. ఇప్పుడు దాన్ని ముద్దుగా తలుచుకునేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అందులో ముద్దు ఏమీ లేదు.

నాయన తల్లిని మేం జేజి అని పిలిచేవాళ్లం. ఆమెకు లోకంలో ఎవరి మీదా దయ ఉన్నట్టు కనిపించేది కాదు. పొగాకు నములుతూ, పళ్లెంలో సంగటి ముద్ద మిగిల్చినవాళ్ల వంశాన్నంతా తిట్టేది, ముఖం కడిగిన నీళ్లు వంకాయ మొక్కకు, బియ్యం కడిగిన నీళ్లు ఎనుముకు పోయకపోతే చేతిలో ఏముంటే అది విసిరేది. చెలమ దగ్గర ఆమెది ఒకటే ఆజ్ఞ. చేయి నిట్టనిలువుగా గుంతలోకి దించాలి, మోచేయి మునిగేదాకానే తవ్వాలి, ఆపైన బెత్తెడు కూడా దిగకూడదు. ఎందుకని అడిగితే, “కింద మనుషులుండారే” అనేది. వంక మలుపు దిగువన, ఊరికి ఎడంగా గుడిసెలు వేసుకున్న కొట్టాలవాళ్ల చెలమలు ఉండేవి. మేం లోతుకు పోతే ఊట మా గుంతలోనే ఆగిపోయి, వాళ్ల గుంతలు ఎండిపోతాయి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఉగాది వచ్చింది. కానుగలు చిగురేసి, వేప పూత వాకిట్లో రాలుతోంది. ఇంట్లో ఓళిగలకు శనగబ్యాళ్లు, బెల్లం రుబ్బుతున్న వాసన వంక దాకా వస్తోంది. అందరికీ తలంట్లు పోయాలి, రెండు బిందెలు తెమ్మని నన్ను పంపారు. నీళ్లు చుక్క చుక్కగా ఊరుతున్నాయి, తోటి పిల్లలు అప్పుడే ఇళ్లకు పోయి కొత్త గౌన్లు వేసుకుంటున్నారు. నాకు ఓపిక చచ్చింది. ఇసుక మీద పడుకుని, చెంప ఇసుకకు ఆనించి, భుజం దాకా తవ్వేశాను. నీళ్లు బుడబుడా వచ్చాయి. అంత పెద్ద పని చేసినందుకు పొగరుగా ఇంటికొచ్చాను.

కాసేపటికి కొట్టాల నుంచి ఈరక్క నెత్తినొకటి, చంకనొకటి ఖాళీ బిందెలు పెట్టుకుని మా వాకిలి ముందర నిలబడింది.

“పైన ఎవరమ్మా లోతుకు తవ్వినోళ్లు? మా చెలమలో పొడి ఇసుక వస్తాండాది. పండగ పూట పిల్లోళ్లకు తాగేకి గూడా నీళ్లు ల్యావు.”

జేజి నా వైపు తిరిగింది. నా కుడిచేతికి భుజం దాకా తడి ఇసుక అంటుకుని ఉంది. అట్లకాడతో ఆ చేతి మీదే కొట్టింది, రెండు బిందెలూ ఎత్తి ఈరక్కకు పోసేసింది. బిందెకు బిందె తగలకుండా పైనుంచి వంచి పోసింది. ఆ దూరం కూడా మా జేజి పాటించింది, దాన్ని దాచిపెట్టి ఆమెను దేవతను చేయలేను. తర్వాత నన్ను వంకకు ఈడ్చుకుపోయి, మోచేతి లోతు మిగిలేదాకా ఆ గుంతను నా చేతే పూడ్పించింది. ఆ ఉగాదికి మా ఇంట్లో తలంట్లు లేవు, పిండి తడపడానికి నీళ్లు లేక ఓళిగలు లేవు. మరుసటి ఉగాది దాకా నేను జేజితో సరిగా మాట్లాడలేదు.

దీవిలో మధ్యాహ్నం పండ్లు కొనుక్కోవడానికి బస్సు ఆపారు. అంగడి వెనక కొండలోంచి ఒక ఇనప పైపు బయటికి వచ్చి ఉంది, దాంట్లోంచి రెండు వేళ్ల మందాన నీళ్లు రాయి మీద పడి కాలువలోకి పోతున్నాయి. పట్టేవాళ్లు లేరు, తాగేవాళ్లు లేరు. నా చేయి దానంతటదే కొళాయి తిప్పే చోటు వెతికింది. పైపు చుట్టూ తడిమినా తిప్పేదేమీ దొరకలేదు. ఎవడో పనికిమాలినవాడు తెరిచిపెట్టి పోయాడనుకుని, మెడ మీదున్న ఓడ తువ్వాల ఉండచుట్టి పైపు మూతిలో కుక్కి, రెండు చేతులతో అదిమిపట్టి నిలబడ్డాను. అది కొండలో ఊట అని, దానికి కట్టేయడం అనేదే లేదని నాకు తట్టలేదు.

కాసేపటికి దిగువ నుంచి ఒక ముసలామె ఖాళీ బకెట్టు పట్టుకుని, అరుస్తూ ఎక్కి వచ్చింది. తువ్వాలను పీకి నా రొమ్ము మీదికి విసిరింది. మాతో వచ్చిన కంపెనీ మేనేజరు నవ్వు ఆపుకుంటూ ఆమె మాటలు తెలుగులో చెప్పాడు.

“ఈ నీళ్లే కిందికి వాళ్ల ఇళ్లకు పోతాయంట మేడం. పైన ఆపిందెవరు, కింద మనుషులున్నారని తెలీదా అంటోంది.”

అందరూ నవ్వారు. నేను ఆ బకెట్టునే చూస్తూ నిలబడ్డాను. యాభై ఏళ్లు దాటిన దాన్ని, నా కుడిచేతికి మళ్లీ భుజం దాకా తడి ఇసుక పట్టినట్టయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మేనేజరు, ఇంకా ఎక్కువ మోటార్లు అమ్మితే వచ్చే ఏడు ఇంకా పెద్ద ఓడ అని ప్రకటించాడు. మా ఆయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. వాళ్లందరి మీదా నాకు అసహ్యం పుట్టింది, ఆ బల్ల దగ్గరే కూర్చుని తింటున్న నా మీద కూడా.

పోయిన వారం మా తమ్ముడు అంగడికి వచ్చాడు. మా ఆయన లేడు, గల్లా దగ్గర నేనున్నాను.

“అక్కా, వెయ్యి అడుగులకు నీళ్లు తగిలినాయి. పెద్ద మోటారు గావాల.”

“బోరు యాడ ఏసినావురా?”

“వంక గట్టునే. మన చెలమలు ఉన్న తావులో.”

“కింద కొట్టాలోళ్ల బోర్లు ఉండాయి కదరా.”

“వాళ్లూ లోతుకు పోతారులే. మోటార్లు అమ్మి ఓడెక్కి తిరిగొచ్చినావు, నాకు బుద్ధి చెప్తాండావా?”

వాడన్నది నిజమే. మోటారు మాత్రం ఇయ్యనన్నాను. వాడు రోడ్డు దాటి ఎదురంగడిలో కొనుక్కుని, ఆటోలో వేసుకుని పోయాడు. సంగతి తెలిసిన దగ్గర నుంచి మా ఆయన నాతో ముభావంగా ఉన్నాడు.

మొన్న ఒక్కదాన్నే ఊరికి పోయి వంకలోకి దిగాను. మోచేయి దించి చూద్దామంటే ఇసుకే లేదు, ట్రాక్టర్లు ఎత్తుకుపోయాయి, అడుగున గట్టి మన్ను. గట్టున మా తమ్ముడి మోటారు గుయ్యిమంటోంది. ఈరక్క పోయి చాలా ఏళ్లయింది, దిగువన బోర్లు ఎండిపోయిన కొట్టాలవాళ్లు ట్యాంకరు కోసం ప్లాస్టిక్ బిందెలు వరుసగా పెట్టి ఎండలో కూర్చున్నారు. పైన ఎవరు లోతుకు తవ్వారని వాళ్లలో ఎవరూ నన్ను అడగలేదు. అడగడానికి ఏ వాకిలికి పోవాలో వాళ్లకు తెలియదు. వాళ్లు వచ్చి నిలబడాల్సింది మా అంగడి ముందర.