గుడ్డ చుట్టని గజ్జెలు

ఇబ్రహీంపట్నంలో ఎవరినడిగినా ఒకటే కథ: పోలీస్ యాక్షన్‌కు ముందటి వానాకాలంలో మా చిందు బాగోతం ఆవిడ చప్పుడు రాకుండా గజ్జెలకు గుడ్డ చుట్టుకుని ఆడిందట. శుద్ధ అబద్ధం. గుడ్డ చుట్టుకుంటే నేనూ ఆడతాను! ఈ కథ చెప్పేవాళ్లలో ఒక్కరూ ఆ రోజు మా కొట్టంలో లేరు. తొమ్మిదేళ్లదాన్ని, నేనున్నాను.

సంగతేమిటంటే, చిందువాళ్లు మా వాడలో ఏడాదికొక్క ఆటైనా ఆడాలి. తప్పితే ఊరి మీద హక్కు ఇంకో మేళానికి పోతుంది. ఆవిడ మరిది వేరే మేళం కట్టి, దానికోసమే కాచుకుని ఉన్నాడు. ఎండాకాలమంతా వీలు పడలేదు. నలుగురు గుమిగూడితే చాలు, చెరువుకట్ట మీది డేరాల్లోంచి తుపాకులవాళ్లు దిగేవారు.

ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే చంకలో మూటతో వచ్చింది. వాడకు పెద్ద మా తాత.

"ఈ ఏడు ఊకో బిడ్డా. మద్దెల సప్పుడైతే అందరం పోతం."

"మద్దెల ఒద్దు పెద్దయ్య. ఉట్టిగనే ఆడ్త."

"గజ్జె కట్టకుంటే గది ఆటెట్లయితది? రేపు నీ మరిది నన్నడుగుతడు."

"కడ్త. మోగనియ్య."

నాయనమ్మ మూతి తిప్పింది. "గుడ్డ సుట్టుకుంటవా?"

"నా కాళ్లకేమన్న దెబ్బ తాకిందా అవ్వా, గుడ్డ సుట్టనీకి?"

ఎడ్లను బయట కట్టేసి కొట్టం ఖాళీ చేశారు. చూసేవాళ్లం ముగ్గురమే. ఆవిడ బొగ్గుతో మీసం దిద్దుకుని రాక్షసరాజైంది. గిర్రున తిరిగింది, ఎగిరింది, మోకాలు వంచి దిగింది. దండెం మీది తడిబట్ట జారినంత చప్పుడైనా లేదు. బయట ఎద్దు నెమరు వేయడం మాత్రం వినబడుతూనే ఉంది.

ఆట ముగించి గజ్జెలు విప్పి పక్కన పెట్టింది. ఊరుకుంటానా? తీసి ఊపాను. ఘల్లుమన్నాయి! నాయనమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. తాత తలుపు వైపు చూస్తూ బిగుసుకుపోయాడు. సరిగ్గా అప్పుడే బయట ఎద్దు మెడ విదిలించింది, దాని గంటలూ మోగాయి.

"ఎద్దు గంటలనుకుంటరు తియ్," అని ఆవిడ నవ్వింది.

తాత ఊపిరి వదిలి, "ఆట అయింది," అన్నాడు. మరిది నోరు మూతపడింది.

తర్వాతి ఏడు అంగడి నడుమ మద్దెలతో ఆడింది. ఆపైన పట్నం హాళ్లు, శాలువాలు. కాలేజీ రోజుల్లో అక్కడ చూశాను. పక్కన కూర్చున్న మా లెక్చరర్ "ఊపే గానీ శాస్త్రం లేదు" అన్నాడు. ఆట అయ్యేదాకా ఆయనతో కొట్లాడాను. గజ్జెలు కట్టుకుని మోగకుండా దూకి చూపించండి, అప్పుడు శాస్త్రం మాట్లాడదాం అన్నాను. దూకలేదు.

తెర వెనక్కి పోయి, ఆనాడు కొట్టంలో గజ్జెలు ఊపిన పిల్లను నేనేనని చెప్పి, ఆవిడనే అడిగాను, ఎట్లా అని.

"ఎదురుంగనే కూసుంటివి గద పిల్లా. సూడకపోతివి," అంది.

నిజమే. నేను ఆ మీసాన్నీ, ఆ కళ్లనూ చూస్తూ ఉండిపోయాను. తాత, నాయనమ్మ కూడా అంతే. ముగ్గురిలో ఒక్కరమూ కాళ్ల వైపు చూడలేదు. ఇంతకీ దిగేటప్పుడు ముందు నేలను తాకింది మడమా, మునివేళ్లా?