శెట్టమ్మ హాల్లో పొంగిన పాఠం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే కాస్త సిగ్గుగానే ఉంది, నాకింకా తల నెరవలేదు. కానీ కెమిస్ట్రీ పుస్తకం ఒకటి ఫోన్లోకి దించుకోవడానికి నేను రాళ్ళ గుట్ట ఎక్కేదాన్నని, ఇప్పుడు కర్నూలులో నా దగ్గర చదువుకునే పిల్లలకు చెబితే, మా జేజి (నాయనమ్మ) తన చిన్నప్పటి కరువుల గురించి చెప్పినప్పుడు నేను పెట్టిన మొహమే పెడతారు. మాది బేతంచెర్ల. ఊళ్ళో కొందరు భూమిలోంచి రాయి తీస్తారు, కొందరు దాన్ని బండలుగా కోసి లారీలకెత్తుతారు. మా నాయన ఆ బండలను ఇళ్ళలో పరిచే మేస్త్రీ. మా ఇంటి వెనక ఫ్యాక్టరీ వాళ్ళు పారబోసిన రాతి ముక్కల గుట్ట ఒకటి ఉండేది. మా వీధికి సిగ్నల్ ఆ గుట్ట మీదే దొరికేది. సాయంత్రం ఐదింటికి నేను దాని మీదికెక్కి ఫోన్ రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని నిలబడితే, దారిన పోయేవాళ్ళు "మేస్త్రీ కూతురు సూర్యుడికి ఫోన్ చూపిస్తాంది" అని నవ్వుకునేవారు.

ఇంత తపస్సు ఎందుకంటే, ఇంటర్ మొదటి సంవత్సరంలో నేను కెమిస్ట్రీ తప్పాను. (మిగతావన్నీ పాసై అదొక్కటే తప్పాను. అంటే తప్పు నాది కాదు, కెమిస్ట్రీకి నా మీద కక్ష ఉందని అప్పట్లో నా గట్టి నమ్మకం.) సప్లిమెంటరీకి రెండు నెలలు ఉందనగా మా క్లాసు పిల్ల ఒకతె చెప్పింది, పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు రాసిన కెమిస్ట్రీ పుస్తకాలు నెట్‌లో ఊరికే దొరుకుతాయని. ఊరికే అన్న మాట వింటే నాకు ఆగదు. మా సిన్నాయన కొత్త ఫోన్ కొనుక్కుని పాతది మాకిచ్చాడు. దాన్నిండా పుస్తకాలు దించాను. ఇంగ్లీషులో ఆరు, తెలుగులో రెండు, వేళ్ళతో నొక్కితే మూలకాలు రంగులు మారే పట్టిక ఒకటి, తెర మీదే పరీక్షనాళికలు కలిపే బొమ్మల ల్యాబు ఒకటి, ప్రశ్నలూ జవాబులూ, వీడియోలూ. చదివానా అని అడక్కండి. దించుకున్న ప్రతిసారీ చదివేసినంత తృప్తి కలిగేది, ఆ తృప్తితో హాయిగా నిద్రపోయేదాన్ని. చోటు చాలకపోతే సిన్నాయన పెళ్ళి వీడియో చెరిపేసి ఆర్గానిక్ కెమిస్ట్రీ పెట్టాను. మా సిన్నమ్మ నాతో ఏడాది పాటు మాట్లాడలేదు.

మా నాయనకు ఈ వ్యవహారం మీద మొదటినుంచీ అనుమానమే. "ఊరికే వొచ్చేదాంట్లో ఏముంటాది మే? పుస్తకమంటే బరువుండల్ల" అన్నాడు ఒకరోజు.

"పదకొండు వందల పేజీలు నాయనా!"

ఫోన్ తీసుకుని అరచేతిలో తూచి చూశాడు. "యాడుండాది బరువు? మొన్న ఎంతుండెనో అంతే ఉండాది గదా" అన్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. "ఆ పుస్తకంలోది పనికొచ్చేది ఒక్కటన్నా చేసి చూపియ్యి. లేకుంటే ఆదివారం ఆ ఫోను మీ సిన్నాయనకు తిరిగిచ్చేస్తా. కనీసం ఆయప్ప పెండ్లి మళ్ళా దాంట్లోకి ఎక్కిచ్చుకుంటాడు."

అప్పుడు నాయన గుడ్డలంగడి శెట్టమ్మ గారి కొత్తింట్లో బండలు పరుస్తున్నాడు. ఆమె నోరు ఊరికి మైకు లాంటిది. ఆమె మెచ్చిన చీర అంగడిలో మిగలదు, ఆమె తిట్టిన మనిషికి పని దొరకదు. శుక్రవారం గృహప్రవేశం. ఆమె పెట్టిన షరతు ఒక్కటే. "హాలు నడిమధ్యలో నిలబడి కిందికి చూస్తే నా మొగం నాకు కనపడల్ల మేస్త్రీ, ముక్కుపుడకతో సహా." నాయన సరేనని మాటిచ్చాడు. పాలిష్ మామ (నాయన జతగాడు, పాలిష్ మిషను ఆయనది, చిన్నప్పటినుంచీ నేను మామా అనే పిలుస్తాను) వారం రోజులు మిషను తిప్పి తిప్పి ఆ నేలను అద్దం చేశాడు. బుధవారానికి పని అయిపోయింది. ఆ సాయంత్రం శెట్టమ్మ చూడటానికి వస్తానంది. మామ మిషనును డోన్‌లో ఇంకో ఇంటికి పంపేశాడు.

ఆ మధ్యాహ్నం జేజీ నేనూ వాళ్ళకు సంగటి క్యారియర్ తీసుకుని వెళ్ళాం. వాళ్ళిద్దరూ బయట రేకుల షెడ్డులో తినడానికి కూర్చున్నారు. జేజి వక్కాకు నములుతూ ఇల్లంతా తిరుగుతోంది. నేను హాల్లో నిలబడి నా మొహం చూసుకుంటుంటే, సరిగ్గా మధ్యలో, నా గడ్డం కింద, రెండు సిమెంటు మరకలు కనిపించాయి. గోటితో గీకాను. పోలేదు. అప్పుడు నాకు ఆ పదకొండు వందల పేజీల పుస్తకం గుర్తొచ్చింది. ఆమ్లాల పాఠంలో ఒక పెట్టె గీసి అందులో రాశారు: గోడకట్టే ఇటుకల మీది సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రీలు పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడతారట. (పుస్తకం మొత్తంలో నేను నిజంగా చదివింది ఆ పెట్టె ఒక్కటే. రంగు రంగులుగా ఉంది కదా అని.) ఆదివారం లోపల చేసి చూపించాల్సిన పనికొచ్చే విషయం దేవుడిచ్చినట్టు కాళ్ళ దగ్గరే ఉంది. బాత్రూములో యాసిడ్ సీసా కూడా ఉంది. పలచగా చేయాలన్న మాట గుర్తుంది గానీ, ఎంత పలచగా అన్నది తర్వాతి పేజీలో ఉంది. తర్వాతి పేజీ నేను చదవలేదు.

పోశాను. నేల బుస్సుమని పొంగింది.

ఆ పొంగు చూసి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మురికంతా ఉడికిపోయి బయటికొస్తోందనుకున్నాను. ఇంకాస్త పోశాను. ఇంకా పొంగింది. చీపురు తెచ్చి నాలుగు వైపులా తోశాను, అన్ని బండలకూ ఆ భాగ్యం దక్కాలి కదా. "జేజీ, సూడు సూడు! ఎట్ల పొంగుతాందో సూడు!" అని అరిచాను.

జేజి వచ్చి చూసి, "పాలు పొంగిచ్చేది శుక్రారం గదా మే, ఇయాల ఏం పొంగిస్తాండావు?" అంది.

ఆ అరుపులకు నాయన సంగటి చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనకే వచ్చిన పాలిష్ మామ "యా అల్లా!" అని తల పట్టుకుని, మరుక్షణం బక్కెట్టు నీళ్ళు తెచ్చి కుమ్మరించాడు. నీళ్ళు తుడిచాక చూస్తే, అద్దం మధ్యలో చాపంత మచ్చ, తెల్లగా, గరుకుగా, నలువైపులా చీపురు తోకలతో. సిమెంటు మరకలు మాత్రం పోయాయి. ఆ మాట నేను అనబోయి నాయన మొహం చూసి మానుకున్నాను.

"ఇటిక మీద పోస్తారు గదా నాయనా, పుస్తకంలో ఉండాది" అన్నాను ఏడుస్తూ.

"ఇటిక మట్టి మే! ఇది సున్నపురాయి. నిమ్మకాయ పిండినా పొంగుతాది, చింతపులుసు పడినా సస్తాది. బండల మీద పులుపు పడగూడదని మీ యమ్మ దినామూ తిడతానే ఉంటాది గదా!"

సున్నపురాయి. అంటే కాల్షియం కార్బోనేట్. నేను చెప్పేది నిజం, నా బుర్రలో ఈ రెండూ కలిసింది ఆ క్షణంలోనే. కాల్షియం కార్బోనేట్ మీద ఆమ్లం పోస్తే బుడగలతో కార్బన్ డయాక్సైడ్ వస్తుందన్న సమీకరణం నాకు కంఠతా వచ్చు, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ నిద్ర పోయేది ఆ రాయి మీదే. అన్నం తినేది దాని మీద, చదివేది దాని మీద, సిగ్నల్ కోసం ఎక్కేదీ దాని గుట్టే. కాల్షియం కార్బోనేట్ అనేది ఏ జర్మనీలోనో సీసాలో ఉండే తెల్లపొడి అని పదిహేడేళ్ళు వచ్చేదాకా అనుకున్నాను. అంత సిగ్గు నాకు మళ్ళీ జీవితంలో కలగలేదు.

"ఏం పరేషాన్ వొద్దు మేస్త్రీ" అన్నాడు మామ. "మిషను ఎత్తుకొస్తా. మళ్ళా అరగదీస్తే పోతాది. ఇంగ ఏమీ పొయ్యగాకు పాపా, నీకు దండం పెడతా!" (నేను అప్పటికే సున్నం కలిపి పోస్తే విరుగుడు అవుతుందేమోనని ఫోన్లోని పుస్తకాల్లో వెతుకుతున్నాను.) మామ బండి ఎక్కి డోన్‌కు దౌడు తీశాడు. ఆయన బండి సందు మలుపు తిరిగిందో లేదో, అదే మలుపులోంచి శెట్టమ్మ గారి ఆటో వచ్చింది. సాయంత్రం వస్తానన్న మనిషి మూడింటికే వచ్చేసింది.

పదిహేనేళ్ళుగా నాయన మోకాళ్ళ మీద నిలబెట్టుకున్న పేరు ఇక ఒక్క నిమిషంలో పోతుంది. పోగొట్టింది నేను. అప్పుడు జేజి వచ్చి ఆ మచ్చ మీద కూలబడింది. చీర కుచ్చిళ్ళు చుట్టూ పరిచింది, వాటి కింద ఒక తోక దాగింది. మచ్చ ఆమె కంటే పెద్దది. బయటికొచ్చిన ఒక తోక మీద నేను నిలబడ్డాను, ఇంకో తోక మీద నాయన తువ్వాలు పడేశాడు, మూడో తోక మీద క్యారియర్ పెట్టాం.

శెట్టమ్మ గారు గుమ్మంలో చూసుకుంది, కిటికీ కింద చూసుకుంది, సంతోషించింది. "శానా బాగొచ్చింది మేస్త్రీ. యాదీ, నడిమధ్యన సూడల్ల. లెయ్యి అవ్వా."

"లేచేదానికి కాదు తల్లీ" అంది జేజి. "ఈడ కూచుంటే ఎంత సల్లగా ఉండాదో! పన్నెండేండ్ల మోకాళ్ళ నొప్పి, ఇట్ల కూచున్యాను, అట్ల దిగిపోయింది. ఈ ఇంటికంతా ఇదే మంచి జాగా. ముసిలిదాని మోకాళ్ళకు తెలుస్తాది."

"నిజమా అవ్వా?" అని శెట్టమ్మ గారు జేజి పక్కనే చతికిలబడింది. నేల మీద అరచెయ్యి ఆనించింది. "అవునబ్బా, ఈడ వేరే సల్లదనం ఉండాది!" అని ఆశ్చర్యపోయింది. పక్కకు వంగి మచ్చ లేని బండలో ముక్కుపుడక కూడా చూసుకుంది. ఇద్దరూ ఒక అరగంట మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నారు. ఆ అరగంటా నేను ఒంటి కాలి మీద నిలబడి ఉన్నాను. వెళ్ళబోతూ ఆమె నన్ను చూసి, "ఏం సదువుతాండావు పాపా?" అంది.

"ఇంటర్ అమ్మా. కెమిస్ట్రీ" అన్నాను.

"బాగా నేర్చుకుంటాండావా?"

"శానా నేర్చుకునింది తల్లీ" అన్నాడు నాయన, "ఈ పొద్దే."

ఐదింటికి మిషను వచ్చింది. చీకటి పడేలోగా మచ్చ పోయింది. అయితే అంత అరగదీశాక అక్కడ నేల కొంచెం లోతయ్యింది, కంటికి కనపడదు గానీ నీళ్ళు పోస్తే అక్కడ నిలుస్తాయి. ఇంటికి వచ్చాక నాయన ఫోన్ అడిగాడు. ఇచ్చేశాను, ఇక నా చదువు అయిపోయిందనుకున్నాను. ఆయన దాన్ని మళ్ళీ నా చేతిలోనే పెట్టి, "ఆ ఇటికల పేజీ తర్వాత ఏమి రాసినారో సదువు" అన్నాడు. చదివి తెలుగులో చెప్పాను. పలచన ఎంతో రాశారు. సున్నపురాయి మీద, పాలరాయి మీద పొరపాటున కూడా పోయకూడదని రాశారు. ఎందుకో కూడా రాశారు. నాయన అంతా విని, "బాగానే రాసినారే! ఊరికే ఇచ్చినారని తక్కువ జేసి రాయలేదు" అన్నాడు. "నన్నడిగింటే నేనూ ఊరికే చెప్పుందును గదా మే" అన్నాడు. ఆ మాటకు ఆ రోజు రెండోసారి ఏడ్చాను. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఒక పేజీ చదివి చెప్పమనేవాడు, నేను చెప్పినదానికి తన పనిలోంచి ఒక సంగతి కలిపేవాడు. సప్లిమెంటరీ పాసయ్యాను. పాసై అక్కడితో ఊరుకోకుండా ఆ కెమిస్ట్రీనే పట్టుకుని వేలాడాను.

జేజి పోయి మూడేళ్ళయింది. మొన్న శెట్టమ్మ గారి మనవరాలి పేరు పెట్టే ఫంక్షనుకు నాయనా నేనూ వెళ్ళాం. హాలు మధ్యలో ఆమె ఒక చాప పరిచి ఉంచింది. వచ్చిన ముసలివాళ్ళందరినీ పట్టుకుని చూపిస్తోంది. "ఈ పాప వాళ్ళ జేజి కూచున్న జాగా ఇది. తడిమి సూడండి, గుంట తెలుస్తాది. మహాతల్లి, అరగంట కూచుంటే బండే అరిగింది! ఈడ కూచుంటే మోకాళ్ళ నొప్పులు దిగుతాయి." ఇద్దరు ముగ్గురు కూర్చుని దిగిందని కూడా అన్నారు. ఆమెకు అసలు సంగతి చెప్పేద్దామని నాయన వైపు చూశాను. ఆయన పైకప్పును చాలా శ్రద్ధగా పరీక్షిస్తున్నాడు.

అందరూ భోజనాలకు లేచాక నేను వెళ్ళి ఆ చాప మీద కూర్చున్నాను. చాప కాస్త పక్కకు తీసి గుంటలో అరచెయ్యి పెట్టాను. నిజంగానే అక్కడ చల్లగా ఉంది. కెమిస్ట్రీ ప్రకారం దానికి కారణమేమీ లేదు.