పై రెండు వరుసలు

ఆ రోజుల్లో నాకు కంప్యూటరు మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద ఉండేది కాదు. ఇప్పుడు రెంటి మీదా లేదు. దాన్ని వయసుతో వచ్చిన వివేకం అంటారు కొందరు, నేనైతే ఒళ్ళుమంట అంటాను. బీటెక్ పాసై, హైదరాబాదులో ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకుని, చివరికి గుడివాడలో ఒక చేపల మేత కంపెనీ సెంటరులో టెంపరరీ డేటా ఆపరేటరుగా కుదురుకున్నాను. డేటా ఆపరేటరంటే పెద్ద విద్యేం కాదండీ. ఏ చెరువుకి ఎన్ని బస్తాల మేత వెళ్ళిందో టైపు చెయ్యడం, మధ్యమధ్యలో ప్రింటరులో ఇరుక్కున్న కాగితం పీకడం. టెంపరరీ అన్న ముక్క మా అమ్మ ఎవరికీ చెప్పేది కాదు. "మావాడు కంపెనీలో ఇంజినీరండీ" అనేది. నాతో మాత్రం రోజూ క్యారేజీ చేతికిస్తూ "ఎప్పుడు పర్మనెంటు చేస్తార్రా నిన్ను?" అని అడిగేది. నేను వినపడనట్టు చెప్పులేసుకునేవాణ్ణి.

మా సెంటరు ఇన్‌ఛార్జిని అందరూ హేతువాది గారనేవాళ్ళు. దసరాకి కంప్యూటరుకి బొట్టు పెట్టనివ్వరు, గుమ్మానికి గుమ్మడికాయ కట్టనివ్వరు, రాహుకాలం చూసి మరీ సరిగ్గా అందులోనే ప్రయాణం పెట్టుకుంటారు. మనిషి మాత్రం వెన్న. ఒకరోజు ఆయన నవ్వుతూ వచ్చి, "ఒరేయ్ అబ్బాయ్, టెంపరరీ వాళ్ళని పర్మనెంటు చేస్తున్నారు. ప్రతి సెంటరూ పేర్లు ఎక్సెల్‌లో పెట్టి బందరు ఆఫీసుకి పంపాలి. మన ఫైల్లో మొట్టమొదటి పేరు నీదే పెట్టాను, చూస్కో" అన్నారు. కళ్ళ నీళ్ళొచ్చినంత పనైంది. ఆ జాబితాలో ఉన్నవాడికి ఉద్యోగం ఉంటుంది, లేనివాడు సీజను అయిపోగానే ఇంటికి పోతాడు. అంతే లెక్క.

మర్నాడు బందరు నుంచి మేనేజరు గారి ఫోను. అన్ని సెంటర్ల ఫైళ్ళూ ఒక్కటిగా అంటించి సాయంత్రానికల్లా హైదరాబాదు పంపాలట. ఆ పని చేసే పెద్ద గుమాస్తా గారు కూతురి పురుడని సెలవులో ఉన్నారట. "నువ్వేదో ఇంజినీరువంటగా, వచ్చి ఏడువు" అన్నారు (ఆయన ప్రేమగా మాట్లాడితే అలాగే ఉంటుంది). పామర్రు మీదుగా బస్సులో నిలబడి వెళ్ళాను. వెళ్ళగానే చెప్పాను కదా: "సార్, పెద్ద గుమాస్తా గారు వారం రోజులు కాపీ కొట్టే పని నాకు నిమిషం. పైథాన్‌లో లైబ్రరీ ఉంటుంది సార్. అంటే ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట. పాత ఫైళ్ళని కొత్త రకంలోకి మార్చేదీ అదే, అన్నిటినీ కలిపేదీ అదే." మేనేజరు గారు నన్ను ఎగాదిగా చూసి, "పుణ్యాత్ములో పాపాత్ములో, అయిదింటికల్లా కావాలి నాకు" అన్నారు.

పది వరుసల ప్రోగ్రాము రాసి, మీట నొక్కాను. నిజంగానే నిమిషంలో అయిపోయింది. ఫైలు తెరిచి చూస్తే గుండె ఝల్లుమంది. మావాళ్ళ అలవాటు ఒకటి నేను మర్చిపోయాను. ఏ కాగితం మొదలుపెట్టినా పైన దేవుణ్ణి తలుచుకోకుండా కలం కదలదు కదండీ! కంప్యూటరొచ్చినా అంతే. ముదినేపల్లి ఫైలు పైన 'శ్రీ వేంకటేశ్వరస్వామినే నమః' అని ఉంది. చల్లపల్లి వాళ్ళది 'శ్రీరామ'. అవనిగడ్డాయన సొంతూరు హంసలదీవి కాబట్టి వేణుగోపాలస్వామిని పెట్టుకున్నాడు. కోడూరు వాళ్ళు 'ప్రభువునకు స్తోత్రము' అన్నారు, బందరు గోడౌను వాళ్ళు 786 వేశారు. లైబ్రరీకి భక్తి లేదు. మొదటి వరుసలో ఏముంటే అదే కాలమ్ పేరనుకుంటుంది. దాంతో మనుషుల్నందర్నీ దేవుళ్ళవారీగా విడగొట్టి కూర్చోబెట్టింది. ముదినేపల్లి వాళ్ళంతా వేంకటేశ్వరుడి కాలమ్ కింద, కోడూరు వాళ్ళు స్తోత్రం కింద, ఎవరి గుంపు వాళ్ళదే. అసలు శీర్షికలేమో మనుషులైపోయాయి. నేను చూసిన ప్రతి సెంటరులోనూ 'పేరు' అనే పేరుగల ఉద్యోగి ఒకడు వెలిశాడు. వాడి తండ్రి పేరు 'తండ్రి పేరు'.

మేనేజరు గారు నా వెనకే నిలబడి చూస్తున్నారు. "ఏవయ్యా, నిన్ను జాబితా కలపమన్నానా, తిరనాళ్ళు పెట్టమన్నానా?" అన్నారు. ఆఫీసంతా గొల్లుమంది. నాకు చెవులు కాలిపోయాయి. ఆలోచిస్తే పరిష్కారం చిన్నదే. ప్రతి ఫైల్లోనూ మొదటి వరుస దేవుడు, రెండో వరుస శీర్షికలు, మూడో వరుస నుంచి మనుషులు. కాబట్టి పై రెండు వరుసలూ కోసెయ్యమని ప్రోగ్రాముకి చెప్పాను. మళ్ళీ మీట నొక్కాను. ముత్యాలు గుచ్చినట్టు వచ్చింది జాబితా. మేనేజరు గారు "పర్లేదే!" అన్నారు. ఆ ఒక్క మాటకి ఉబ్బి తబ్బిబ్బయ్యాను. నీ పేరు ఉందో లేదో చూసుకోలేదా అని అడుగుతారు మీరు. సిగ్గండీ! అంతమంది చూస్తుండగా నా పేరు నేనే వెతుక్కుంటే ఎంత ఆబగా ఉంటుంది చెప్పండి? హుందాగా పంపేశాను. అంతటితో ఆగానా? ఇకమీదట ఎవరైనా డబుల్ క్లిక్ చేస్తే చాలు, ఫైళ్ళు వాటంతటవే కలిసిపోయేలా ఏర్పాటు కూడా చేసిపెట్టి వచ్చాను. సేవాభావం మరి.

నెల తిరక్కుండా ఆర్డర్లొచ్చాయి. అందరికీ వచ్చాయి. నాకు రాలేదు. అమ్మ అప్పటికే సున్నుండలు చేసి వీధిలో పంచేసింది. బందరు పరుగెత్తి ఆ ఫైలు తెరిచి వెతికాను. గుడివాడ వాళ్ళందరూ ఉన్నారు, నేను తప్ప. మా సెంటరు ఫైలు పక్కన పెట్టుకుని చూస్తే అప్పుడు తెలిసింది నా బతుకు. హేతువాది గారి ఫైల్లో దేవుడు లేడు! మొదటి వరుసలోనే శీర్షికలు, రెండో వరుసలో నేను. నా ప్రోగ్రాము చెప్పినట్టే శుభ్రంగా రెండు వరుసలూ కోసేసింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదన్నమాట. మేనేజరు గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. "సార్, ఒక్క మెయిలు పెట్టండి సార్, పొరపాటు జరిగిందని." ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఎవరి పొరపాటని రాయమంటావ్? నేను తీశానా నీ పేరు? నువ్వే తీసుకున్నావు. హైదరాబాదులో సంతకాలైపోయాయి. వచ్చే విడతలో చూద్దాంలే" అన్నారు. ఆయన దగ్గర నుంచి వెళ్ళిన ఆ జాబితా చూసి హైదరాబాదు వాళ్ళు మెచ్చుకున్నారట, ఆ మాటా ఆయనే చెప్పారు, నన్ను ఓదార్చడానికి కాబోలు. సీజను అయిపోయింది. విడత రాలేదు. అమ్మ క్యారేజీ కట్టడం మానేసింది, అడగడమూ మానేసింది. అడిగితేనే బాగుండేది.

ఇప్పుడు బందరులోనే ఒక గది తీసుకుని, ఊళ్ళోవాళ్ళ ఫైళ్ళు కలిపిపెట్టి బతుకుతున్నాను. మొన్నామధ్య గుడివాడ బస్టాండులో హేతువాది గారు కనపడ్డారు. జుట్టు నెరిసింది, గొంతు అదే. కాఫీ ఇప్పించి, "నీ ప్రోగ్రామే ఇంకా నడుస్తోందిరా. దాన్ని మార్చడం ఎవరికీ చేతకాదు. డబుల్ క్లిక్ చేస్తారు, దణ్ణం పెట్టుకుంటారు" అన్నారు.

"మరి మన సెంటరులో మొదటివాడు ఎగిరిపోతున్నాడా అండీ, నాలాగా?"

"పోనిస్తానా? పైన ఒక వరుస అదనంగా పెడుతున్నా."

"అయితే మీ చేత శ్రీరామ రాయించానన్నమాట!" అన్నాను కసిగా. ఇన్నేళ్ళకి ఒక్క గెలుపు.

"ఛ! దేవుడి పేరు నేను రాస్తానా? నీ పేరు రాస్తున్నా" అన్నారాయన తాపీగా. "నువ్వైతే నిజంగా ఉన్నావు కదరా. ఏ జాబితా పంపినా పైన నిన్ను పెడతా. నువ్వు పోతావు, కింద వాళ్ళంతా క్షేమంగా వెళ్తారు. ఇప్పటిదాకా ఒక్కడూ తప్పిపోలేదు."

తిట్టాలనిపించింది, కాళ్ళకి దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండూ చెయ్యకుండా బందరు బస్సెక్కి కూర్చున్నాను. పామర్రు దాటాక నాలో నేనే నవ్వుకున్నాను. పక్క సీటావిడ సంచీ ఒళ్ళోకి లాక్కుని అటు జరిగింది. ఆవిడకేం తెలుసు, సున్నుండలు తిని ఆర్డరు కోసం గుమ్మంలో ఎదురుచూసిన ఆ కుర్రవెధవ గుడివాడ జాబితాలో ఇప్పటికీ అందరికంటే పైనే ఉన్నాడని. ఉద్యోగమే లేదు.