రెండు టీబీల పెన్‌డ్రైవ్, జెద్దాలో మా బతుకమ్మ

మా చిన్నప్పుడు... జెద్దాలో మా ఫ్లాట్ నిండా అట్టపెట్టెలు పేర్చి ఉన్న రోజుల్లో... ఒక సాయంత్రం డాడీ బలద్ బజారు నుంచి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చారు. ఇనుప రంగులో తళతళలాడుతోంది. దాని మీద రెండు టీబీ అని ఉంది. రోడ్డు పక్కన గుడ్డ పరుచుకుని అమ్మేవాడితో ఎంత బేరమాడారో మమ్మీకి చెబుతూ నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆయన నవ్వడం అదే...

(ఈ అకౌంట్ సంగతి మా ఇంట్లో తెలియదు. అందుకే ఇందులో పేర్లు మార్చాను.)

అవి నితాఖాత్ రోజులు, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీవాళ్ళు ఉండి తీరాలనే రూలు. డాడీ కంపెనీలో సౌదీవాళ్ళు సరిపడా లేరట, కంపెనీ ప్రభుత్వ లెక్కలో రెడ్‌లో పడింది, అక్కడ ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డు రెన్యువల్ కాదన్నారు. పైగా అక్కడ ఉన్నందుకు మమ్మీకీ నాకూ నెలనెలా కట్టాల్సిన లెవీ. ఇక ఫైనల్ ఎగ్జిట్ వేయించుకుని దేశం వదిలి రావడం తప్పలేదు.

మా ఫోటోలూ వీడియోలూ అన్నీ కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్‌లోనే ఉండేవి. అది తిరిగి ఇచ్చెయ్యాలి. ఇంగ్లీష్ మీడియం పిల్లవి కదా, నువ్వే ఎక్కించు అని ఆ పని నాకు అప్పజెప్పారు.

వాటిలో ఒక వీడియో ఉంది... మా నానమ్మది. విజిట్ వీసా మీద వచ్చిన ఏడాది, జగిత్యాల నుంచి ఎండబెట్టిన గునుగు పూలు చీరల మధ్య దాచి తెచ్చింది. హాల్లో తాంబాళం పెట్టి బతుకమ్మ పేర్చింది. అక్కడ వేరే మతాల పూజలు బహిరంగంగా చెయ్యనివ్వరు కాబట్టి, బయటికి వినపడకూడదని కిటికీలు మూసి, ఏసీ ఫుల్లుగా పెట్టి, చప్పట్లు కూడా మెత్తగా కొట్టేవాళ్ళం. చివరికి బాత్‌రూమ్ టబ్‌లోనే నిమజ్జనం. ఈ వీడియో ఎవరికీ పంపొద్దని డాడీ గట్టిగా చెప్పారు. ఎవరి చేతికి పోతుందో, ఏం మీదికొస్తుందోనని భయం... ఊళ్ళో తాతకు కూడా పంపలేదు.

మరుసటి ఏడు నానమ్మ పోయింది. ఆమె పాట ఉన్నది ఆ ఒక్క వీడియోలోనే. ఇంటికి రాగానే టీవీలో చూపిస్తానని డాడీ ఫోన్లో తాతకు మాటిచ్చారు. తాత ప్రతి ఫోన్‌లోనూ అదే అడిగేవాడు.

అన్నీ ఎక్కించాను. ఫైళ్ళ పేర్లన్నీ కనిపించాయి. ఇంకా బోలెడు ఖాళీ ఉందని కూడా చూపించింది. అయిపోయిందని చెప్పాను. డాడీ లాప్‌టాప్ మొత్తం చెరిపేసి ఆఫీసులో ఇచ్చేశారు.

ఆ సాయంత్రం మమ్మీ వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే, నేను పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. మొదటి కొన్ని ఫోటోలు వచ్చాయి. తర్వాత అన్నీ బూడిదరంగు డబ్బాలే... నానమ్మ వీడియో పేరుంది, నొక్కితే తెరుచుకోదు. నేనే ఏదో తప్పు నొక్కి పాడుచేశాననుకున్నాను.

పెన్‌డ్రైవ్ తీసి సాక్సులో దాచాను. ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోయిన మనిషికి ఈ మాట ఎలా చెప్పాలి...

కింది ఫ్లోర్‌లో షాహీన్ ఆంటీ ఉండేది. వాళ్ళది నిజామాబాద్. మేం బతుకమ్మ ఆడేటప్పుడు తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. ఎవరైనా తలుపు కొడితే తనే మాట్లాడి పంపించేసేది. రెండు రోజుల తర్వాత, మేం ఇచ్చేస్తున్న వంటసామాను తీసుకుపోవడానికి వచ్చి, మెట్ల మీద ఏడుస్తున్న నన్ను చూసింది. ఇంట్లో మనిషి కాదు కాబట్టేమో, ఆమెకు అంతా చెప్పేశాను.

ఆంటీ పక్కన కూర్చుంది. ఇలాంటిది వాళ్ళాయనా ఒకటి కొని మోసపోయాడట. లోపల ఉండేది కొంచెం జాగానే, కంప్యూటర్‌కు మాత్రం పెద్ద లెక్క చూపిస్తుంది... నిండాక ఇక పేర్లే పడతాయి తప్ప లోపల ఏమీ ఉండదు.

"నువ్వేం ఖరాబ్ జెయ్యలే బేటా. అది పుట్టుడే అబద్ధం," అంది.

మెల్లగా తన ఫోన్ తీసి, మీ డాడీ కోపం చేస్తాడేమో అంటూనే నా చేతిలో పెట్టింది. ఆ బతుకమ్మ రోజు తలుపు దగ్గర కూర్చుని తనూ ఒక వీడియో తీసుకుందట... ఎవరికీ చూపించలేదు, ఎవరికీ పంపలేదు.

నానమ్మ పాట వినిపించింది. ఏసీ హోరు వెనక నుంచి... సన్నగా, స్పష్టంగా.

ఆంటీ నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది. సాక్సులోంచి పెన్‌డ్రైవ్ తీసి డాడీకి ఇచ్చాను. జరిగింది ఆంటీయే చెప్పింది, తను వీడియో తీసిన సంగతితో సహా. డాడీ మొఖం ఎర్రబడింది. ఆంటీ చేతిలోంచి ఫోన్ తీసుకుని వీడియో మొత్తం చూశారు.

"నా మాట ఇనకపోవుడే మంచిదైంది అక్కా," అన్నారు చివరికి.

నా వైపు తిరిగి, "రెండు దినాలు గిదంతా ఒక్కదానివే మోసినవా బిడ్డా?" అన్నారు. అంతే... తిట్టలేదు.

ఆ వీడియోను డాడీ తన ఫోన్‌లోకి ఎక్కించుకుని తెచ్చారు; మా ఊళ్ళో తాత అది చూస్తూ కళ్ళు మూసుకున్నాడు. చూడలేక కాదట, బాగా వినాలని.

ఇంకో సంగతి నేను తర్వాత గమనించాను. మా వీడియోలన్నీ మమ్మీయే తీసేది. అందుకే ఒక్కదాంట్లోనూ ఆమె లేదు. షాహీన్ ఆంటీ తీసినదాంట్లో మాత్రం మమ్మీ ఉంది... ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో తొడ మీద తాళం వేస్తూ, నానమ్మతో పాటు నవ్వుతూ.

తర్వాత లెవీ కట్టలేక ఆంటీ వాళ్ళూ జెద్దా వదిలేశారు. నంబర్లు మారిపోయాయి. ఇప్పుడు మా కాలనీలో బతుకమ్మ అంటే డీజే, డ్రోన్ కెమెరా... ఎవరి భయమూ లేదు. కానీ మనకోసం తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళు కూడా లేరు.

మీ ఇంట్లో ఎప్పుడూ ఫోటోలు తీసే మనిషి ఎవరు? వాళ్ళ ఫోటో ఎవరి ఫోన్‌లో ఉందో ఒకసారి అడిగి చూడండి... దొరికితే ఇక్కడ చెప్పండి, నేను చదువుతాను.